రోగి మనసెరిగిన పరిచర్య

వ్యాధి నయమగుటకు ఏమేమి కావలెను? మంచి వైద్యుడును మంచి మందును ఉన్న చాలునని మనలో పలువురు తలంతురు. మన ప్రాచీన వైద్యగ్రంథమైన చరకసంహిత అట్లు చెప్పలేదు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నాలుగును చికిత్సకు నాలుగు పాదములని అది చెప్పినది. నాలుగు కోళ్లలో ఒకటి విరిగినను మంచము నిలువదు గదా! పరిచారకునకు ఉండవలసిన గుణములను గూడ ఆ గ్రంథము పేర్కొన్నది. పరిచర్య చేయు విధము తెలిసియుండుట, నేర్పు, అనురాగము, శుచిత్వము అనునవి ఆ గుణములు. వీనిలో అనురాగమును గూర్చి కొంత విచారింతము. రోగిపై ప్రేమ ఉన్నంతమాత్రమున చాలదు. ఆ ప్రేమను రోగి గుర్తింపగల రీతిలో చూపుటయు నేర్వవలెను.

ఒక ఆసుపత్రిని ఊహింపుడు. అందు మూడు మంచములపై ముగ్గురు రోగులున్నారు. మొదటి మంచముపై జైనమతస్థురాలైన ఒక వృద్ధురాలు ఉన్నది. సూర్యాస్తమయమైన పిదప ఆమె భుజింపదు. రాత్రి 8 గంటలకు వచ్చిన పళ్లెము వచ్చినట్లే మరలిపోవుచున్నది. "ఈమెకు ఆకలి లేదు" అని నర్సు వ్రాసికొన్నచో అది పొరపాటగును. ఆకలి ఉన్నది, వేళ మించినది, అంతియే.

రెండవ మంచముపై తలకు గాయమైన ఒక సిక్కు యువకుడున్నాడు. కేశములను కత్తిరింపకుండుట అతని మతధర్మము. కుట్లు వేయుటకై కొంత జుట్టు తీయవలసి వచ్చినచో, ఏల తీయవలెనో, ఎంత తీయవలెనో ముందుగా చెప్పి అతని సమ్మతి పొందవలెను. చెప్పక కత్తెర పట్టినచో తలగాయము మానినను మనసు గాయము మానదు.

మూడవ మంచముపై మధుమేహముతో బాధపడు ఒక ముసల్మాను పెద్ద ఉన్నాడు. అది రంజాను మాసము. రోగులు ఉపవాసము మాని, పిదప వేరు దినములలో ఉండవచ్చునని ఇస్లాము మినహాయింపు ఇచ్చినది. ఐనను ఉపవాసము మానుటకు ఇష్టపడని భక్తులు పలువురు కలరు. ఆహారము లేక ఇన్సులిన్ మందును యథాప్రకారము తీసికొన్నచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా తగ్గిపోవచ్చును. నర్సు అతని నియమమును ఈసడించినచో అతడు మారుపలుకడు, ఉపవాసమును దాచును. అట్లు దాచుటవలన ప్రాణమునకే ముప్పు వాటిల్లును. మర్యాదగా అడిగినచో నిజము చెప్పును. కావున రోగి నమ్మకమును గౌరవించుట వట్టి మర్యాద కాదు. అది చికిత్సలో ఒక భాగము.

ఈ విషయమును శాస్త్రముగా రూపొందించినది మెడలీన్ లైనింజర్ అను అమెరికా దేశపు నర్సు. ఆమె 1925లో జన్మించి 2012లో మరణించెను. 1950 తరువాతి దశకమున ఆమె సిన్సినాటి నగరములో, మానసికముగా బాధపడు బాలబాలికలకు సేవ చేయుచుండెను. అచ్చటి పిల్లలు వేర్వేరు జాతుల కుటుంబములనుండి వచ్చినవారు. ఆహారము, నిద్ర మొదలగు విషయములలో ఒక్కొక్కరి అలవాటు ఒక్కొక్క తీరుగా ఉండుటను ఆమె గమనించెను. అందరికిని ఒకే విధమైన సేవ చేసినను, కొందరికి అది ఊరటగాను కొందరికి బాధగాను తోచెను. లోపము పిల్లలలో లేదనియు, వారి సంస్కృతిని గూర్చిన తన జ్ఞానము చాలదనియు ఆమె గ్రహించెను.

అంతట ఆమె మానవశాస్త్రమును అభ్యసింప బూనెను. 1960 తరువాతి సంవత్సరములలో న్యూగినీ కొండలకు పోయి, గడ్సప్ అను జాతి ప్రజల గ్రామములలో నివసించి, వారు తమవారిని ఎట్లు సంరక్షించుకొందురో పరిశీలించెను. పిదప భిన్న సంస్కృతుల ప్రజలకు చేయవలసిన పరిచర్యను గూర్చి ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. ఆ విద్యాభివృద్ధికై 1974లో ఒక సంఘమును గూడ స్థాపించెను.

రోగి ఆచారము ఎదురైనపుడు నర్సు అనుసరింపదగిన మార్గములు మూడని లైనింజర్ చెప్పెను. వానిని మన ఇండ్లలోని ఉదాహరణములతో తెలిసికొందము.

మొదటిది, ఆచారమును ఉన్నది ఉన్నట్లు నిలుపుట. ఆటలమ్మ సోకిన బిడ్డ పక్క వద్ద మన తల్లులు వేపమండలు ఉంచుదురు. దానివలన హాని లేదు. తల్లికి ధైర్యము కలుగును. వానిని తీసి పారవేయ పనిలేదు.

రెండవది, సర్దుబాటు. జైన వృద్ధురాలికి ప్రొద్దు క్రుంకకముందే భోజనము పెట్టవచ్చును. ఉపవాసమున్న రోగి విషయము వైద్యునకు తెలిపినచో, ఆయన మందు వేళను, మోతాదును మార్చవచ్చునేమో చూచును; ఉపవాసమే ప్రమాదమైనచో ఆ సంగతి రోగికి స్పష్టముగా చెప్పును.

మూడవది, మార్పు. కొన్ని ఇండ్లలో బాలింత ముర్రుపాలను పిండి పారబోయించు అలవాటు కలదు. ఇది బిడ్డకు హాని. ఆ పాలలో రోగములనుండి కాపాడు పదార్థములున్నవి. పుట్టిన ఒక గంటలోపలనే బిడ్డకు తల్లిపాలు పట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇట్టిచోట నర్సు ఊరకుండరాదు. అట్లని ఇంటి పెద్దను గద్దింపనురాదు. "పెద్దమ్మగారూ! దూడ పుట్టగానే దానికి ముర్రుపాలు కుడువనిత్తుము గదా! మన బిడ్డకేల మాన్పింపవలెను?" అని నెమ్మదిగా అడిగినచో, ఆ పెద్దమ్మయే మనుమని తల్లి ఒడిలో ఉంచవచ్చును. గద్దించిన నర్సు వెనుదిరుగగానే ఆ పాలు మరల నేలపాలగును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పేరు విని, బొట్టు చూచి, టోపీ చూచి "వీరింతే" అని నిర్ణయింపరాదు. ఒకే మతమువారిలో ఒకరు మాంసము తినవచ్చును, మరియొకరు ముట్టకపోవచ్చును. పుస్తకములో చదివినదానికంటె రోగి నోట వినినది మేలు. "మీకు పడని ఆహారమేమైన కలదా? ప్రార్థనకు వేళ కావలెనా? మీ వద్ద ఎవరు ఉండవలెనని కోరుదురు?" ఈ మూడు ప్రశ్నలకు పట్టు కాలము స్వల్పము; వానివలన కలుగు మేలు అధికము.

అంతర్జాతీయ నర్సుల సమితి 1953లో తన నీతినియమావళిని అంగీకరించినది. జాతిమతభేదము లేక రోగులందరిని గౌరవముతో చూడవలెనని ఆ సమితి నేడును బోధించుచున్నది. మన తెలుగునాటనుండి దూరదేశములకు పోయి నర్సులుగా పనిచేయువారు కలరు. అచ్చట వారికి క్రొత్త భాషలు, క్రొత్త ఆచారములు ఎదురగును. అచ్చటి రోగికి మన నర్సు పరదేశి. ఆమెకు అతడు పరదేశి. ఇద్దరి నడుమ వంతెన వేయునది ఒక్క ప్రశ్న, ఒక్క ఓపిక.

బాలలారా! మీరందరును నర్సులు కాకపోవచ్చును. కాని రోగి పక్కన కూర్చుండవలసిన దినము ప్రతివారికిని వచ్చును. ఆనాడు మీకు ఇష్టమైనదానిని అతనికి తెచ్చి పెట్టుటకు ముందు, అతనికి ఏది కావలెనో అడుగుడు. ఆ అడుగుటతోనే పరిచర్య ప్రారంభమగును.