గడీ ముందు చెప్పులు

మా నాయనమ్మ బతికున్నన్నాళ్లూ దొర కోటలాంటి గడీ ముందుకు రాగానే చెప్పులు చేతబట్టుకునేది. గోడలు కూలి దశాబ్దాలైనా ఆ భయం కూలలేదు. నిజాం రాజ్యంలో రాజు మాటే శాసనం, ఊళ్లో దొర మాటే రాజు మాట. చాకలి, మంగలి, కుమ్మరి కూలి లేకుండా వెట్టి చెయ్యాలి. పైగా రెండో ప్రపంచ యుద్ధకాలపు ధాన్యం లెవీ. కల్లంలోనే గింజలు కొలుచుకుపోతే ఇంట్లో గటకకూ కరువే.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొరకు దక్కనివ్వలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు ఒరిగాక ఊళ్లు తిరగబడ్డాయి, ఇక ఆగలేదు.

1948 సెప్టెంబరు 17న నిజాం భారత సైన్యానికి లొంగిపోయాడు. మరుసటేడు జాగీర్లు రద్దయ్యాయి. కానీ ఆ సైన్యం రైతుల మీదికీ మళ్లింది; పోరులో రైతులు పంచుకున్న భూములు చాలాచోట్ల మళ్లీ దొరలకే పోయాయి. పోరు 1951 దాకా సాగింది.

మా ఊరికి వెట్టి మాత్రం తిరిగి రాలేదు. నాయనమ్మ మా నాయనను బడికి పంపింది, కాళ్లకు చెప్పులు తొడిగి, గడీ ముందు నుంచే.