చలి పొద్దుల్లో నర్సింగ్ డ్యూటీ... వణుకు లేకుండా!

డిసెంబరు, జనవరి నెలలొస్తే ఆదిలాబాద్‌లోనూ, పాడేరు ఏజెన్సీలోనూ రాత్రిపూట పది డిగ్రీల లోపుకి దిగిపోవడం మామూలే. అలాంటి చోట్ల తెల్లవారకముందే లేచి, జుట్టు ముడేసుకుని, ఇస్త్రీ యూనిఫాంతో ఉదయం డ్యూటీకి పరుగెత్తే నర్సింగ్ విద్యార్థినుల అవస్థ ఇంతా అంతా కాదు. స్వెట్టరుతో వెళ్తే వార్డులో సిస్టరు తీసేయమంటారు. తీసేస్తే వణుకు. ‘ఇదేం రూలమ్మా!’ అని విసుక్కోవడం సహజమే.

కానీ ఆ రూలుకో కారణముంది. రోగి మీదికి వంగినా, కట్టు మార్చినా ముందుగా తగిలేవి పొడుగు చేతుల అంచులే. ఒక మంచం దగ్గర అంటిన క్రిములను అవి ఇంకో మంచానికి మోసుకెళ్తాయి. మణికట్టు దాకా శుభ్రంగా చేతులు కడుక్కోవడానికీ అవే అడ్డం. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగిని ముట్టుకునేవారికి మోచేతి కింద బట్టగానీ, గడియారంగానీ ఉండకూడదని 2007లో చెప్పింది ఇందుకే. అలాగని ఆ చలిదేశంలో నర్సులు వణుకుతూ తిరగలేదు. ఆరుబయట నడిచేటప్పుడు భుజాల మీద కప్పుకోవడానికి వారికి ఒకప్పుడు ముదురు నీలం ఉన్ని కేపులు ఉండేవి. మనమూ అదే పాటిద్దాం. దారిలో వెచ్చదనం పైన, వార్డులో లోపల!

హాస్టల్ నుంచి వార్డు దాకా స్వెట్టరో, శాలువానో కప్పుకోండి. వార్డులో దాన్ని కుర్చీకి తగిలించకుండా సంచిలో పెట్టి లాకరులో ఉంచండి. యూనిఫాం లోపల పొట్టిచేతుల థర్మల్ బనీను వేసుకోండి. థర్మల్ కొనలేకపోతే ఒంటికి అతుక్కునే పల్చని బనీన్లు రెండు చాలు. పొరల మధ్య నిలిచే గాలే చలిని ఆపుతుంది. చీర కట్టేవారు లంగా లోపల, చుడీదారు వేసేవారు ప్యాంటు లోపల లెగ్గింగ్స్ వేసుకోవచ్చు. బూట్లు బిగుతుగా ఉంటే రెండు జతల సాక్సు తొడక్కండి. రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. తడిస్తే మార్చుకోవడానికి ఒక జత సంచిలో ఉంచుకోండి.

మాటిమాటికీ కడగడంతో చలికాలంలో చేతులు పగులుతాయి. ఆ పగుళ్లలో క్రిములు చేరతాయి. డ్యూటీ దిగాక, పడుకునే ముందు వాజలైన్ రాయండి. రోగిని ముట్టుకునే ముందు అరచేతులు రెండూ రుద్దుకుంటే వారికీ హాయి.

ఖాళీ కడుపుతో మాత్రం డ్యూటీకి వెళ్లొద్దు. టిఫినుకు టైము లేకపోతే కనీసం రెండు అరటిపళ్లు, గుప్పెడు వేరుశనగపప్పు తినండి. తోటివాళ్లందరూ మామూలుగా ఉన్నా మీకొక్కరికే చలి, నీరసం అయితే రక్తపరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే చలి ఎక్కువ అనిపిస్తుంది. థైరాయిడ్ లోపమూ కారణం కావచ్చు.

ఇంకో మాట. ఇంటి దగ్గర డబ్బుకి ఇబ్బందని స్వెట్టరు కూడా కొనుక్కోలేక, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేని అమ్మాయిలుంటారు. యూనిఫాంతో పాటే పొట్టిచేతుల కార్డిగాన్ కూడా ఇప్పించమని నలుగురూ కలిసి ప్రిన్సిపాల్ మేడంకి అర్జీ పెట్టండి. అడగడంలో తప్పులేదు. సూది పట్టే చెయ్యి వణకకూడదు కదా!