బివాయిచి

బివాయిచి జపాను దేశములోని షిగా ప్రిఫెక్చరులో బివా సరస్సును చుట్టివచ్చే సైకిలు మార్గము. సుమారు 670 చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో ఇది జపానులోకెల్లా పెద్ద సరస్సు. "బివాకో ఇష్షూ", అనగా బివా సరస్సు చుట్టూ ఒక చుట్టు, అనే జపాను మాటకు బివాయిచి సంక్షిప్త రూపము. మార్గము మొత్తము పొడవు దాదాపు 200 కి.మీ. 2019లో జపాను ప్రభుత్వము దీనిని జాతీయ సైకిలు మార్గముగా గుర్తించింది.

చాలామంది ఇంత దూరము తిరగరు. దక్షిణ భాగమున ఓత్సు నగరపు రద్దీ ఎక్కువ. అందువలన సరస్సు సన్నబడిన చోట 1964లో ప్రారంభమైన బివాకో వంతెనను దాటి, సుమారు 160 కి.మీ. ఉత్తర భాగమును మాత్రమే చుట్టివస్తారు. ఉత్తరపు కొసన కొండలు నీటి అంచు వరకు దిగివస్తాయి. ఊళ్ళు చిన్నవి, రోడ్లు ప్రశాంతమైనవి. చాలావరకు చదునుగా సాగే దారికి ఎగుడుదిగుళ్ళు తగిలేది ఇక్కడే. ఈ ప్రాంతములో సొరంగములు కూడా ఉన్నందున దీపములు లేని సైకిలుపై వెళ్ళుట ప్రమాదకరము.

ఆలయ ప్రదక్షిణము వలె కాక, ఈ మార్గమున అపసవ్య దిశలో తిరుగుట ఆనవాయితీ. భారతదేశములో వలెనే జపానులోనూ వాహనములు ఎడమవైపున నడుస్తాయి. అపసవ్య దిశలో వెళ్ళినచో సరస్సు ఎప్పుడూ ఎడమ చేతివైపే ఉంటుంది. ఒడ్డున ఆగుటకు ఎదురువచ్చే వాహనములను దాటవలసిన పని ఉండదు.