తుంటి తంటా

మోకాళ్ల గురించి మాట్లాడుకోని ఇల్లు ఉండదు. తుంటి మాట ఎత్తే ఇల్లు అరుదు. ఆ కీలు అరిగిపోతుంటే ఆడవాళ్ల రోజులోంచి ఒక్కో కదలికా జారిపోతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని వయసు ఖాతాలో వేసేస్తారు.

మొదట కాలి గోళ్లు తీసుకోవడం కష్టమవుతుంది. పాదాన్ని రెండో మోకాలి మీదకు తెచ్చుకుని మెట్టె సర్దుకుందామంటే తొడ మొరాయిస్తుంది. కొన్నాళ్లకు కత్తిపీట మూలకు చేరి, గట్టు మీద చాకు వాడకం మొదలవుతుంది. వాకిట్లో ముగ్గు చిన్నదవుతుంది. పేరంటానికి పిలిస్తే ‘‘మీరు కింద కూర్చోండమ్మా, నాకు ఈ కుర్చీ చాలు’’ అంటారు. ఏమైందని అడిగితే ‘నడుం పట్టేసింది’ అంటారు, లేదంటే ‘మోకాళ్ల నొప్పులు’. తుంటి పేరు మాత్రం రాదు. నొప్పి గురించి నోరు విప్పకముందే పనులు మానుకోవడం మొదలవుతుంది కాబట్టే ఈ జబ్బు ఇంట్లో ఎవరికీ కనపడదు.

నొప్పి ఒకచోట, జబ్బు ఒకచోట

తుంటి ఎక్కడంటే చాలామంది నడుం కింద, పక్కన చెయ్యిపెట్టి చూపిస్తారు. అసలు కీలు ఉండేది ఇంకా లోపల. తొడ ఎముక గుండ్రటి తల కటి ఎముక గుంటలో కూర్చునే చోటు గజ్జల వెనకాల ఉంటుంది. ఆ రెంటి మధ్యా రాపిడి లేకుండా చూసే కార్టిలేజ్ పొర పలచబడుతూ, ఎముక అంచులు మొనదేలుతూ పోవడమే ఆస్టియోఆర్థ్రైటిస్. అందుకే నొప్పి గజ్జల్లోనో, తొడ ముందువైపో, పిరుదులోనో తెలుస్తుంది. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాల్లో కొన్ని ఒకటే కావడంతో కొందరికి మోకాలు తప్ప ఇంకెక్కడా నొప్పి ఉండదు. మోకాలి ఎక్స్‌రే బాగానే ఉన్నా పీకుడు తగ్గకపోతే తుంటిని కూడా చూడమని డాక్టర్‌ని అడగాలి.

పక్కకు తిరిగి పడుకున్నప్పుడు తుంటి బయటివైపు ఒత్తుకుని నొప్పెడితే మాత్రం సంగతి వేరు. నలభై దాటిన ఆడవాళ్లలో అది చాలావరకు పిరుదు కండరాలను ఎముకకు పట్టి ఉంచే స్నాయువుల బాధ. కీలు అరిగినప్పుడు సాధారణంగా ముందు తగ్గేది తొడను లోపలికి తిప్పగలగడం. డాక్టర్ పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని బయటికి నెట్టి చూసేది దీన్నే.

నేల మీద సంసారం

నడవడానికి తొడ ముందుకూ వెనక్కూ కలిపి 40 డిగ్రీల పైచిలుకు కదిలితే చాలు. గొంతుక్కూర్చోవాలంటే అంతకు రెట్టింపు పైనే మడవాలి. మఠం వేసుకోవాలంటే మడవడంతో పాటు పక్కకు తెరవాలి, బయటికి తిప్పాలి. కుర్చీల్లో బతికే దేశంలో మనిషికి చాలాకాలం తెలియని లోటు పీట, ముగ్గు, నాట్లు, ఇండియన్ టాయిలెట్ ఉన్నచోట ముందే బయటపడుతుంది. నడక బాగానే ఉందని డాక్టర్ అనుకునే దశలోనే ఇక్కడి ఇల్లాలి రోజు కుంటుపడి ఉంటుంది. కాబట్టి ఆస్పత్రిలో ‘నొప్పిగా ఉంది’ అని ఊరుకోకుండా, ఏడాదిగా ఏ పనులు మానేశారో చెప్పాలి.

ఇక నడక సంగతి. ప్రతి అడుగులోనూ కాసేపు ఒంటికాలి మీదే ఉంటాం. ఆ క్షణంలో కటిభాగం అవతలి వైపుకు జారిపోకుండా పిరుదు పక్క కండరాలు లాగి పట్టుకోవాలి. ఒంటి బరువూ ఆ లాగుడూ కలిసి కీలు మీద పడే భారం శరీర బరువుకు రెండున్నర, మూడు రెట్లు. 60 కిలోల మనిషి అయితే 150 నుంచి 180 కిలోలు. కండరాలు నీరసించి కటి జారిపోవడాన్ని జర్మన్ సర్జన్ ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించాడు. దాన్ని గుర్తించే పరీక్షను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఈ జారుడును సర్దుకోవడానికే మనిషి నొప్పి ఉన్న వైపుకు ఒరుగుతూ నడుస్తుంది.

ఈ లెక్క తెలిస్తే బజారు నుంచి వచ్చే పద్ధతి మారుతుంది. కుడి తుంటి నొప్పి అయితే కూరగాయల సంచి కుడి చేత్తో పట్టుకోవాలి, చేతికర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఆటోలోనో కారులోనో మొదట సీటు అంచున కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి.

ఆడవాళ్లకే ఎందుకు?

పుట్టుకతో తుంటి గుంట లోతు తక్కువగా ఉండటం ఆడపిల్లల్లోనే ఎక్కువ. సరిచేయకపోతే నడివయసులోనే కీలు అరుగుతుంది. పసిపిల్లల కాళ్లు చాపి బిగించి చుట్టడం ఈ ముప్పును పెంచుతుంది. కాళ్లు రెండువైపులా వేసి చంకనెత్తుకునే మన అలవాటు తుంటికి మంచిదే. కీళ్లవాతం కూడా ఆడవాళ్లకే ఎక్కువ. పాత విరుగుళ్లు, తొడ ఎముక తలకు రక్తం అందకపోవడం ఎవరికైనా కారణాలే. వ్యవసాయ పనికీ తుంటి అరుగుదలకూ సంబంధం ఉందని యూరప్ అధ్యయనాలు చెప్పాయి. అవి ఎక్కువగా మగ రైతులను చూసినవి. రోజంతా వంగి నాట్లు వేసే మన ఆడకూలీల తుంటి ఆ లెక్కల్లో లేదు.

ఆలస్యం ఇంకో సమస్య. కెనడాలోని ఒంటారియోలో జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనంలో కీలు మార్పిడి ఆపరేషన్‌కు ఆడా మగా సమానంగానే ఇష్టపడ్డారు. కానీ దాని గురించి డాక్టర్‌తో మాట్లాడిన ఆడవాళ్లు తక్కువ.

ఆపరేషన్‌కు ముందూ తర్వాతా

మొదటి మందు వ్యాయామం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, పక్కకు పడుకుని పైకాలు లేపడం లాంటివి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయాలి. బరువు తగ్గితే కీలుకు ఊరట. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు రోజూ మింగితే కడుపుకూ కిడ్నీలకూ ముప్పు. పడ్డాక కాలు కింద పెట్టలేకపోయినా, జ్వరంతో పాటు తుంటి నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇవేవీ పనిచేయక, రాత్రి నిద్ర కూడా కరవైతే కీలు మార్పిడి ఉంది. దీన్ని 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ గాడిలో పెట్టాడు. 2019లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం కృత్రిమ తుంటి కీళ్లలో దాదాపు 58 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. కింద కూర్చోవచ్చా, ఎంతకాలం వద్దు, టాయిలెట్ ఎత్తు పెంచాలా అన్న ప్రశ్నలు ఆపరేషన్‌కు ముందే అడగాలి. కీలును ఏ వైపు నుంచి తెరుస్తారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

కుర్చీ ఎత్తు పెంచడం, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ బిగించడం ఒక పూట పని. ఇంటి పనిని పంచుకోవడమే కుదరనిది. ఆవిడకు వ్యాయామానికి రోజూ అరగంట దొరకాలంటే ఆ అరగంట పని ఇంకొకరు చేయాలి. డాక్టర్ చీటీలో అది రాసి ఉండదు. ఇంట్లోవాళ్లే రాసుకోవాలి.