హా కింద ఒక చుక్క

కుమార్తె నికాహ్ సమీపిస్తున్న కొద్దీ తండ్రి మనసు కానుక చుట్టూ తిరుగుతుంది. కానుకలు ఇచ్చిపుచ్చుకుంటే పరస్పర ప్రేమ పెరుగుతుందని దైవప్రవక్త (స) బోధించారు. అంగట్లో కొన్న వస్తువులతో పాటు మా ఇంటి జ్ఞాపకం ఒకటి కూడా నా బిడ్డ వెంట అత్తవారింటికి వెళ్లాలని ఆశించాను. మా అమ్మీజాన్ తన దుఆల నోటుపుస్తకం మొదటి పుటలో స్వహస్తాలతో రాసుకున్న బిస్మిల్లాహ్ గుర్తుకు వచ్చింది. ఆమె అల్లాహ్ సన్నిధికి చేరి పన్నెండేళ్లయింది. కాగితం పసుపుబారి, అంచులు రాలిపోతున్నాయి. ఆ అక్షరాలను పెద్దవిగా ముద్రించి పటం కట్టించాలని సంకల్పించాను.

మదర్సా కంప్యూటరులో గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫోటోలను సరిదిద్దే ఈ సాధనానికి అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు 1995లో శ్రీకారం చుట్టారు. ముప్పై ఏళ్లుగా అరబీ వ్యాకరణం బోధిస్తున్న నాకు దాని మెనూలో ఒక్క మాటా బోధపడలేదు. మొదటిరోజు మరకను తుడవబోయి 'మీమ్' తోకను తుడిచేశాను. పైగా స్కాన్ చేసిన అసలు ఫైలు మీదే దాన్ని భద్రపరిచి కంప్యూటరు ఆపేశాను. మర్నాడు చూస్తే వెనక్కి వెళ్లే దారి లేదు. కాగితాన్ని మళ్లీ స్కానరులో పెట్టాల్సి వచ్చింది. పెట్టిన ప్రతిసారీ అంచు మరికొంత రాలేది.

రెండవసారి 'త్రెషోల్డ్' అనే సదుపాయం కంటపడింది. మనం నిర్ణయించిన హద్దు కన్నా ముదురుగా ఉన్నదంతా నల్లగా, లేతగా ఉన్నదంతా తెల్లగా మారుతుంది. పసుపు మాయమై అక్షరాలు నిగనిగలాడాయి. సంబరంగా స్టూడియోలో ముద్రింపించి మదర్సాకు తెచ్చాను. హిఫ్జ్ తరగతి చదివే పదమూడేళ్ల విద్యార్థి కాసేపు దాన్నే చూసి, "ఉస్తాద్, ఇక్కడ జీమ్ ఉందండీ" అన్నాడు మెల్లగా.

నా చేతులు చల్లబడ్డాయి. 'హా' అక్షరం కింద ఆవగింజంత పాత మరక నల్లటి చుక్కగా మారింది. హా కింద చుక్క పెడితే జీమ్ అవుతుంది. రహీమ్ అంటే పరమ కృపాశీలుడు. రజీమ్ అంటే బహిష్కృతుడు. తఅవ్వుజ్‌లో షైతాను గురించి మనం పలికే మాట అది!

తొలినాటి ఖుర్ఆన్ ప్రతులలో అక్షరాలను వేరుపరిచే చుక్కలు చాలా అరుదు. అరబేతరులు ఇస్లాం స్వీకరించాక పఠనంలో పొరపాట్లు పెరగడంతో, హజ్జాజ్ పాలనాకాలంలో నస్ర్ బిన్ ఆసిమ్, యహ్యా బిన్ యామర్ వంటి పండితులు చుక్కలను క్రమబద్ధం చేశారని ఉలూముల్ ఖుర్ఆన్ గ్రంథాలు తెలుపుతాయి. ఈ చరిత్రను ఏటా పాఠంగా చెప్పే నేనే ఆ చుక్కను గమనించలేదు. కంప్యూటరుకు మరకకూ నుఖ్తాకూ తేడా తెలియదు. తెలిసిన నేను చూడలేదు.

ఆ అబ్బాయి అన్న ఫ్లెక్సీలు ముద్రించే దుకాణంలో పనిచేస్తాడు. అక్కడ నేర్చుకున్నదంతా వాడు నాకు నేర్పాడు. అసలు స్కాన్‌ను ముట్టుకోకూడదు, దాని నకలు మీదే పనిచేయాలి. ఆ నకలులో కూడా ఒక లేయరుపై మరో లేయరు పరచి పైదాన్నే సరిదిద్దాలి. చెడితే కిందది భద్రంగా ఉంటుంది. పని సాగుతున్నంత కాలం గింప్ సొంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌లో దాచి, ముద్రణకు మాత్రమే వేరుగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఏ4 కాగితంపై స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 చొప్పున 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి. మూసా (అలైహిస్సలామ్) అంతటి ప్రవక్తే ఖిజ్ర్ వెంట విద్యార్థిగా నడిచారు; అక్కడ విధించబడిన షరతు సహనం. నా శిష్యుని పక్కన కూర్చోవడానికి నేను సంకోచించలేదు.

ఈసారి బొమ్మను పెద్దది చేసి, పక్కన నోటుపుస్తకం తెరిచి, ఒక్కొక్క మచ్చను అమ్మీజాన్ రాతతో పోల్చుకుంటూ తొలగించాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. చివరి మీమ్ తోకలో గీత కాస్త వంకరపోయింది. దాన్ని నున్నగా దిద్దగలిగేవాణ్ణే, కానీ ముట్టుకోలేదు. తప్పుగా ముద్రించిన కాగితంపై కూడా అల్లాహ్ నామం ఉంది కనుక, దాన్ని మస్జిదులో జీర్ణమైన ముస్‌హఫ్ పుటలు ఉంచే పెట్టెలో వేశాను.

నికాహ్‌కు ముందురోజు పటం అందుకున్న నా బిడ్డ ఆ వంకరగీతపై వేలు ఉంచి, "అబ్బా, దాదీ చేయి ఇక్కడ వణికింది కదా!" అంది.