చవక టర్న్‌టేబుల్ చెప్పిన ఫిజిక్స్

చవకదంటే నాసిరకందే అనే మాట హాస్టల్లో చేరిన రోజు నుంచీ వింటున్నదే. మనకిచ్చే పెట్టె, పళ్ళెం, దుప్పటి చూసి మనమూ నమ్మేశాం. ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌లో ప్రాజెక్టు కోసం ఒక పాత రికార్డు ప్లేయర్ విప్పాక మా ముగ్గురికీ ఆ మాట మీద అనుమానం వచ్చింది. మా ఇళ్ళల్లో డిగ్రీ మొహం చూసింది మేమే మొదలు కాబట్టి, తెలుసుకున్నది తమ్ముళ్ళకు చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

ఎల్.పి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. దాని గాడి వెంట్రుకంత సన్నం. గాడి వంకరలను బట్టి సూది కదులుతుంది, ఆ కదలికే పాట అవుతుంది. చిక్కంతా ఇక్కడే. పాట ఏదో, మోటారు వణుకు ఏదో సూదికి తెలియదు. తను కదిలిందంటే పాటే అనుకుంటుంది! స్టీరియో వచ్చాక సూది పైకీ కిందికీ జరిగే కదలికను కూడా చదవాల్సి వచ్చింది. దాంతో మోటారు గుర్రు ఇంకా ఎక్కువగా వినిపించసాగింది.

1961లో అమెరికాలోని ఎకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ ఒక టర్న్‌టేబుల్ తెచ్చింది. రూపకర్త ఎడ్గర్ విల్చర్. ధర 58 డాలర్లు, అదీ సూది చేయితో సహా. ఆయన మోటారును పైపలకకు బిగించాడు. తిరిగే పళ్ళేన్నీ, సూది చేయినీ మాత్రం వేరే లోహపు చట్రం మీద కలిపి, ఆ చట్రాన్ని మూడు స్ప్రింగులతో వేలాడదీశాడు. మోటారుకూ పళ్ళేనికీ మధ్య ఉన్నది ఒక మెత్తని రబ్బరు బెల్టు, అంతే. ఉయ్యాలను గబగబా తడితే ఊగదు, నెమ్మదిగా దాని లయకు తోస్తేనే ఊగుతుంది కదా. స్ప్రింగుల లయ నెమ్మది, మోటారు వణుకు వేగం. అందుకే ఆ వణుకు చట్రందాకా చేరదు.

పళ్ళేన్నీ చేయినీ ఒకేచోట ఎందుకు బిగించాలి? పల్లెవెలుగు బస్సులో ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాసి చూడండి. మోచేయి కిటికీ ఊచ మీద ఉంటే అక్షరాలు గీతలవుతాయి. చేయి పుస్తకం మీదే ఆనితే రెండూ కలిసి ఊగుతాయి, రాత కాస్త నిలబడుతుంది.

పాట అయిపోగానే తనంతట తనే ఇంకో రికార్డు వేసే యంత్రాంగం ఆయన పెట్టలేదు. సూది చేయి మరీ సాదాది, అక్కడ మాత్రం ఇంకాస్త ఖర్చు చేయాల్సిందని మా అభిప్రాయం. 1970ల తొలినాళ్ళలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఖరీదైన లిన్ సోండెక్‌లోనూ ఇదే మూడు స్ప్రింగుల పద్ధతి.

మేమూ ప్రయత్నించాం. మోటారూ పళ్ళెమూ ఒకే చెక్కకు బిగిస్తే పాట కంటే గుర్రే ఎక్కువ. సైకిల్ సీటు స్ప్రింగులు పెట్టాం, కదలనే లేదు. బాల్‌పెన్ స్ప్రింగులు పెడితే చట్రం కూలబడింది. చివరికి రబ్బరు బ్యాండ్లతో వేలాడదీశాం. గుర్రు తగ్గింది, కానీ ఎవరైనా దబదబా నడిస్తే సూది ఎగిరేది.

ఇంకొక్క లెక్క. ఇలాంటి మోటారు కరెంటు లయను బట్టి తిరుగుతుంది. అమెరికాలో ఆ లయ సెకనుకు 60, మన దగ్గర 50. వోల్టేజి సరిచేసి ఇక్కడ పెట్టినా నిమిషానికి దాదాపు 28 చుట్లే తిరుగుతుంది, పాట బొంగురుగా సాగుతుంది. మోటారు పుల్లీని ఐదో వంతు పెద్దది చేస్తే సరిపోతుంది. ఎందుకో ఇంటర్ తమ్ముళ్ళు వేసి చూడండి.