చెరువుగట్టు మీద నాన్నగారి నడక

గుండెపోటు వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక మా నాన్నగారు కుర్చీ వదల్లేదు. "రోజూ కాసేపు నెమ్మదిగా నడవండి" అని డాక్టరుగారు చెప్పి పంపారు. "నడుస్తూ నడుస్తూ పడిపోతే?" అనేవారు నాన్నగారు. జబ్బు కన్నా భయమే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

జనవరిలో ఒక శనివారం, డాక్టరుగారిని అడిగి, ఆయన్ని నేలపట్టు తీసుకువెళ్లాను. సూళ్లూరుపేటకు ఉత్తరాన, దొరవారిసత్రం దగ్గర ఉన్న ఈ చెరువును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే గూడబాతులు వస్తాయి. నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా అక్కడే గూళ్లు పెడతాయి.

బాగా పొద్దెక్కాకే గట్టు ఎక్కాం. దూరానికి చెట్లు తెల్లగా పూసినట్టున్నాయి. దగ్గరికి వెళ్తే, అన్నీ పక్షులే! ఒక గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలో తల దూర్చి చేపలు తింటోంది.

"ఇన్ని చేపలు ఎక్కడివమ్మా?" అన్నారు నాన్నగారు.

"పులికాట్ సరస్సు దాకా వెళ్లి తెస్తాయి నాన్నా."

"అంత దూరమా!" అని ఆశ్చర్యపోయారు. ఆయన రైతు కదా, వెంటనే నీళ్ల వంక చూసి, "ఈ రెట్ట కలిసిన నీళ్లు పారితే పొలానికి మంచి ఎరువు" అన్నారు. తర్వాతి చెట్టు, ఆ తర్వాతి చెట్టు చూద్దామంటూ ఆయనే ముందు నడిచారు. రెండుసార్లు కూర్చుని లేచాం. గడియారం చూస్తే నలభై నిమిషాలు!

మర్నాడు పొద్దున ఆయనే చెప్పులు అడిగి వేసుకున్నారు.

మీరూ వెళ్తారా? ఈ జాగ్రత్తలు పాటించండి:

• గుండె జబ్బు ఉన్నవారు డాక్టరు సలహా తీసుకున్నాకే వెళ్లండి. చలికి రక్తనాళాలు బిగుసుకుని గుండెకు పని పెరుగుతుంది. ఎండ వచ్చాక నడవండి.

• మందులు, మంచినీళ్లు వెంట ఉంచుకోండి. ఒంటరిగా వెళ్లవద్దు.

• ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆగి కూర్చోండి. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

• చనిపోయిన పక్షులను ముట్టుకోవద్దు. అక్కడి అటవీ సిబ్బందికి చెప్పండి.

• గూళ్ల దగ్గర కేకలు వేయవద్దు. బెదిరిన తల్లి లేచిపోతే గుడ్లు, పిల్లలు కాకుల పాలవుతాయి.